జ్వరానికి పనిచేసిన ఇంజెక్షన్ పొదుగువాపుకు ఎందుకు పనిచేయలేదు?

ప్రశ్న: ఈనిన తర్వాత ఒక గేదెకు జ్వరం వస్తే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌తో తగ్గింది. ఇప్పుడు మరో గేదెకు ఒక చన్నులో పొదుగువాపు వచ్చింది. అదే ఇంజెక్షన్ మూడు రోజులు చేయించినా గుణం లేదు. మందు నకిలీదా? డోసు పెంచమంటారా? ఆ చన్నుకు ట్యూబు మందు ఎక్కిస్తే మిగతా మూడు చన్నుల పాలు డెయిరీకి పోయవచ్చా?
– ఒక పాడి రైతు

జవాబు: మందు నకిలీదై ఉంటుందని వెంటనే అనుకోవద్దు. డోసు మాత్రం దయచేసి పెంచకండి. రక్తంలో కలిసిన ప్రతి మందూ ఒంట్లో అన్ని చోట్లకూ ఒకేలా చేరదు. జెంటామైసిన్ నీటిలో కరిగే రకం. కణాల చుట్టూ ఉండే కొవ్వు పొరను సులువుగా దాటలేదు కాబట్టి రక్తంలో, కణాల బయటి ద్రవంలో ఉండిపోతుంది. కండకు చేసిన ఇంజెక్షన్ నుంచి పాలలోకి వచ్చేది చాలా తక్కువ. పైగా అది మూత్రపిండాల్లో పేరుకుంటుంది. మేతా నీళ్లూ మానేసి నీరసించిన పశువుకు డోసు పెంచితే పొదుగు నయం కాకపోగా మూత్రపిండాలు దెబ్బతింటాయి.

టైలోసిన్ లాంటి మందుల తీరు వేరు. అవి కొవ్వులో కరుగుతాయి, క్షార గుణం ఉన్నవి. రక్తం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) సుమారు 7.4, మంచి పాలది 6.6 నుంచి 6.8. పొర దాటి పాలలోకి వచ్చిన మందు ఆ కొద్దిపాటి ఆమ్లత్వానికి విద్యుదావేశం పొంది, తిరిగి రక్తంలోకి పోలేక అక్కడే నిలుస్తుంది. అందుకే రక్తంలో కన్నా పాలలోనే ఎక్కువగా ఉంటుంది. పొదుగువాపులో పాల పీహెచ్ పెరుగుతుంది కనుక ఈ లాభం కొంత తగ్గుతుంది.

అలాగని టైలోసిన్ కొని మీరే చేయించకండి. ఈ.కోలై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చిన వాపుపై అది పనిచేయదు. చన్ను కొనను స్పిరిట్‌తో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పాలు పట్టి పరీక్షకు పంపండి. ఇప్పటికే వాడిన మందు పేరు పశువైద్యుడికి తప్పక చెప్పండి. ట్యూబు మందు ఎక్కించే ముందు ఆ చన్నును పూర్తిగా పితకాలి. పొదుగు గట్టిపడి పాల గొట్టాలు గడ్డలతో మూసుకుపోతే ట్యూబు మందు లోపలిదాకా పాకదు, అప్పుడు సరైన ఇంజెక్షన్ కూడా కావాలి.

మిగతా చన్నుల పాలు కూడా డెయిరీకి పోయకూడదు. ఒక చన్నులో ఎక్కించిన మందు రక్తంలోకి చేరి మిగిలిన చన్నుల పాలలోకీ వస్తుంది. పాలు వాడకూడదని మందు లేబుల్‌పై రాసిన గడువు పూర్తయ్యేదాకా నాలుగు చన్నుల పాలనూ పారబోయాలి, దూడకూ పట్టకూడదు.