ట్రాన్స్‌పరెంట్ ఫర్నిచర్ కొనేముందు: అమ్మలుకు పెదనాన్న లేఖ

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. డైనింగ్ టేబుల్, నాలుగు కుర్చీలు, సెంటర్ టేబుల్, సోఫా పక్కన పెట్టే చిన్న బల్ల, అన్నీ అద్దంలాంటి ప్లాస్టిక్‌వే కొందామంటున్నావు. నా మాట ముందే చెప్పేస్తాను. కుర్చీలు కొనుక్కో. చిన్న బల్ల కూడా కొనుక్కో. డైనింగ్ టేబుల్ వద్దు. సెంటర్ టేబుల్ అసలే వద్దు. యాక్రిలిక్ అనే గాజులాంటి ప్లాస్టిక్ షీట్లు కోసి, వంచి, అతికించి షాపులవాళ్ళకు షోకేసులు, నేమ్‌బోర్డులు చేసి ఇచ్చినవాణ్ణి కాబట్టి ఈ సరుకు మంచిచెడ్డలు నాకు బాగా తెలుసు.

సెంటర్ టేబుల్ ఎందుకు వద్దంటే, మీ అత్తగారికి ఇంకా ఒక కంట్లో శుక్లం ఉంది. బాబు ఇప్పుడిప్పుడే పరుగులు పెడుతున్నాడు. యాక్రిలిక్ తనమీద పడిన వెలుతురులో 92 శాతం దాకా అవతలికి వదిలేస్తుంది. మీ మియాపూర్ ఫ్లాట్‌లో హాలు ఇరుకు గనక, అలాంటి బల్ల వేస్తే చోటు ఎక్కువ ఉన్నట్టు కనిపించే మాట నిజమే. కానీ రాత్రి మంచినీళ్ళకు లేచిన పెద్దావిడకు ఆ బల్ల కనిపించదు. గాజులా సన్నటి పెంకులుగా పగలదు, నిజమే, కానీ మూల మోకాలికి తగిలి ఆవిడ పడితే మనం బాధపడి ప్రయోజనం ఏముంది? నడిచే దారిలో కనిపించని వస్తువు పెట్టకూడదు. చిన్న బల్లనైతే గోడవారగానో సోఫా చేతికి ఆనించో పెడితే ఆ భయం లేదు.

ఇక షాపువాడు అన్నింటినీ కలిపి 'యాక్రిలిక్' అనేస్తాడు. అవన్నీ ఒకటి కావు. అచ్చులో పోసిన కుర్చీలు మంచివైతే సాధారణంగా పాలీకార్బొనేట్ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌వి. ఫిలిప్ స్టార్క్ అనే ఫ్రెంచ్ డిజైనర్ 2002లో ఇటలీ కంపెనీ కార్టెల్ కోసం పాత రాజుల కాలపు కుర్చీని ఇదే పాలీకార్బొనేట్‌తో ఒక్క ముక్కగా పోయించాడు. దాన్ని చూసి చేసిన నకళ్ళే ఇవాళ బజారు నిండా ఉన్నాయి. పాలీకార్బొనేట్ దెబ్బకు పగలదు, మనిషి బరువు వేసి వెనక్కి వాలినా కాస్త వంగి ఓర్చుకుంటుంది. గీతలు మాత్రం తొందరగా పడతాయి, వాటిని పాలిష్‌తో తీసెయ్యడం కష్టం. యాక్రిలిక్ దీనికి భిన్నం. అంత సులువుగా గీత పడదు, చిన్నచిన్న గీతలు పడితే బఫింగ్ చేసి, అంటే మెత్తటి చక్రంతో రుద్ది, మళ్ళీ మెరిపించవచ్చు, కానీ గట్టి దెబ్బ తగిలితే చిట్లుతుంది. అందుకే కూర్చునే వస్తువుకు పాలీకార్బొనేట్, కదలకుండా ఉండే వస్తువుకు యాక్రిలిక్ అడుగు.

మూడోది ఒకటుంది, పాలీస్టైరీన్. చవగ్గా దొరుకుతుంది. వేలితో కొడితే కణకణమని లోహంలా మోగుతుంది, మిగతా రెండూ కాస్త మొద్దుగా పలుకుతాయి. పెళుసు సరుకు, ఎండకు పచ్చబడుతుంది. అది ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకు.

ఎండ మాట వచ్చింది కాబట్టి, మీ బాల్కనీ పడమటి వైపు. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. యాక్రిలిక్ స్వతహాగా ఎండకు తట్టుకుంటుంది. పాలీకార్బొనేట్‌లో ఎండ దెబ్బను ఆపే యూవీ స్టెబిలైజర్ అనే మందు కలపకపోతే కొన్నాళ్ళకు పసుపు తిరుగుతుంది. కుర్చీలు కొనేటప్పుడు ఆ ఒక్క మాటా అడిగి, బిల్లు మీద రాయించుకో.

డైనింగ్ టేబుల్ వద్దన్నది వేడి వల్ల, స్టీలు కంచాల వల్ల. యాక్రిలిక్ దాదాపు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. కుక్కర్ లోపల ఆవిరే 120 డిగ్రీల దాకా ఉంటుంది. మనింట్లో పప్పు గిన్నె పొయ్యి మీంచి తిన్నగా బల్లమీదకు వస్తుంది. ఎంతకని కింద మ్యాట్ పెడతావు? ఆ హడావుడిలో ఒక్కరోజు మరిచినా బల్లమీద గుండ్రటి మచ్చ పడి ఉండిపోతుంది. రోజూ స్టీలు కంచాలు జరుపుతుంటే పడే గీతలు వేరే. పైగా మెత్తటి ప్లాస్టిక్ టేబుల్ కవర్ పరిచి కాపాడదామనుకుంటే, ఆ కవర్‌లోని నూనెలాంటి రసాయనం కిందికి దిగి యాక్రిలిక్‌ను మసకబార్చవచ్చు. తినే బల్ల చెక్కది చూసుకో. దాని చుట్టూ ఈ కుర్చీలు వేస్తే చెక్క పనితనం అంతా కనిపిస్తుంది, అందమూ అదే.

పూజ గది దగ్గర, దీపం దగ్గర యాక్రిలిక్ ఏదీ పెట్టకు. అది చక్కగా అంటుకుని మండుతుంది.

శుభ్రం చేయడం దగ్గరే చాలామంది పాడుచేసుకుంటారు, ఇది జాగ్రత్తగా చదువు. పనమ్మాయికి కూడా నువ్వే దగ్గరుండి చూపించు. పొడిగుడ్డతో తుడవకూడదు. పొడిగుడ్డతో రుద్దేకొద్దీ స్టాటిక్ కరెంటు పుట్టి ఇంకా దుమ్ము లాగుతుంది, ఆ దుమ్ములోని ఇసుక రేణువులే గీతలు పెడతాయి. మీ వీధిలో కొత్త అపార్ట్‌మెంట్లు కడుతున్నారు కదా, సాయంత్రానికల్లా పొర కడుతుంది. గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు నీళ్ళలో వేసి, అందులో మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, రుద్దకుండా తుడవాలి. ఆఖరున ఫిల్టర్ నీళ్ళతో ఒకసారి తుడిచి ఆరనివ్వాలి. బోరు నీళ్ళయితే తెల్లటి మచ్చలు మిగులుతాయి. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్, శానిటైజర్, స్పిరిట్, థిన్నర్, ఇవేవీ దగ్గరకు రానివ్వకు. ముఖ్యంగా లేజర్‌తో కోసిన అంచుల్లో ఒత్తిడి ఉండిపోతుంది. అక్కడ స్పిరిట్ తగిలితే వెంట్రుకవాసి చీలికలు పుట్టుకొస్తాయి. వాటికి వైద్యం లేదు.

ఇంత చెప్పి మంచి చెప్పకపోతే అన్యాయం. యాక్రిలిక్‌కు చెదపట్టదు. వానాకాలంలో ఉబ్బదు. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక గాజుదైతే 22 కిలోలు తూగుతుంది, యాక్రిలిక్‌దైతే 11 కిలోలు మించదు. ఇల్లు మారేటప్పుడు ఒక్కదానివే ఎత్తగలవు.

చిన్న బల్ల ఆన్‌లైన్‌లో కొనకు. నేమ్‌బోర్డులు చేసేవాళ్ళ దగ్గర నీ కొలతకు చేయించుకో. పోత పోసిన (కాస్ట్) షీటే అడుగు, మందం 10 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. అతుకులు వెలుతురుకు పెట్టి చూడు. క్లోరోఫామ్ పోసి శ్రద్ధగా అతికించినచోట బుడగలు ఉండవు, బుడగలుంటే ఆ అతుకు నిలవదు. అంచులు చేత్తో తడిమి చూడు, మూలలు గుండ్రం చేయించు. కాళ్ళకింద రబ్బరు బుష్‌లు వేయించడం మరువకు, మీ నున్నటి టైల్స్ మీద లేకపోతే జారుతుంది.

బల్ల చేయించడానికి వెళ్ళేముందు సోఫా పక్కన ఆ బల్ల కొలతకు పాత పేపర్లు పరిచి ఒక వారం ఉంచండి. మీ అత్తగారి కాలు వాటిమీద పడకపోతే ఆ చోటు ఖాయం చేసుకుని కొలతలు నాకు వాట్సాప్ చెయ్యి. షీటు నేనే చూసి ఎంచుతాను. అల్లుడుగారికి అడిగానని చెప్పు, మీ అత్తగారికి నా నమస్కారాలు.

ఇట్లు
నీ పెదనాన్న