మిగిలిన డెక్ బోర్డుల కోసం కొత్త అప్పు చేయొద్దు

ప్రశ్న: హైదరాబాద్‌లో సొంతిల్లు. ఈ మధ్యే ఎఫ్‌డీ తీసేసి, కొంత పర్సనల్ లోన్ తెచ్చి మేడ మీద డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) బోర్డులు పరిచి డెక్ వేయించాం. 22 బోర్డులు మిగిలాయి, బిల్లు ప్రకారం 40 వేల విలువ. ఇంకో 1.10 లక్షలు పెడితే వాటితోనే పెర్గోలా (స్తంభాల మీద పట్టీలతో వేసే పందిరి), బెంచీ చేసిస్తానని కార్పెంటర్ అంటున్నాడు. క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెట్టేయమంటారా? జీతం 95 వేలు, ఈఎంఐలతో కలిపి నెల ఖర్చు 78 వేలు, బ్యాంకులో 45 వేలు ఉన్నాయి. ఇద్దరు పిల్లలు.

జవాబు: వద్దు. ఇల్లు బాగుచేయించుకున్న చాలామంది ఇదే పొరపాటు చేస్తారు కాబట్టి కాస్త వివరంగా చెబుతున్నాను. మిగిలిన సరుకు కళ్ల ముందు పడి ఉంటే వృథా అవుతోందన్న బాధతో దాని చుట్టూ కొత్త ఖర్చు మొదలవుతుంది. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు.

కార్పెంటర్ లెక్క ఒక్కసారి విడదీసి చూడండి. డబ్ల్యూపీసీ బోర్డు బరువు మోసే దూలం కాదు. కింద అడుగున్నర లోపే ఆధారం లేకపోతే ఎండకు మెత్తబడి వంగుతుంది. అందుకే పెర్గోలా స్తంభాలకీ బెంచీ కాళ్లకీ ఇనుప ఫ్రేమ్ కావాలి. ఆ 1.10 లక్షలూ ఇనుముకీ కూలికీ పోయేవే. పైగా స్తంభాల కోసం స్లాబ్‌కి డ్రిల్ వేస్తే వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతినొచ్చు, వానాకాలంలో కింది గది కారొచ్చు. అప్పుడు ఆ రిపేరుకి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది మీ బోర్డులు కాదు, ఆ 45 వేలు. నెలకు 78 వేలు ఖర్చయ్యే ఇంట్లో అవి మూడు వారాలు కూడా రావు. ఉద్యోగం పోయినా, జీతం ఒక నెల ఆగినా లోన్ ఈఎంఐ ఆగదు. ఉన్న ఎఫ్‌డీని డెక్ కోసం తీసేశారు, అది అప్పుడే చేయకూడని పని. ఇప్పుడు 1.10 లక్షలు 16 శాతం వడ్డీకి ఏడాది ఈఎంఐ పెడితే నెలకు దాదాపు 10 వేలు. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు అదనం. మీకు నెలకు మిగిలే 17 వేలల్లో సగం పైనే దానికి పోతుంది. మధ్యలో ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, ఆ బాకీ మీద ఏడాదికి 40 శాతం పైన కూడా వడ్డీ పడొచ్చు. పిల్లలున్న ఇంట్లో కూర్చోవడానికి బెంచీ కోసం ఇంత రిస్కా?

బోర్డుల సంగతి. ముందు ఏది ఏమిటో గుర్తుపట్టండి. కోసిన చివర చూస్తే లోపల గుల్లగా ఉందో, నిండుగా ఉందో తెలుస్తుంది. అంచుకు క్లిప్పు పట్టే గాడి ఉందా, పైన వేరే రంగులో పలుచటి తొడుగు ఉందా చూడండి. కట్ట మీది లేబుల్‌లో రంగు, బ్యాచ్ నంబరు ఉంటే ఫోటో తీసి బిల్లుతో పాటు దాచుకోండి. తర్వాత అదే రంగు దొరకడం కష్టం కాబట్టి మూడు నాలుగు బోర్డులు రిపేర్లకి ఉంచుకోండి. నీడలో, సమంగా, కింద చెక్కలు పెట్టి పడుకోబెట్టండి. గోడకి నిలబెడితే వంగిపోతాయి. విప్పని కట్టలుంటే బిల్లు తీసుకుని ముందు డీలర్‌నే అడగండి, కొంత కోత పెట్టుకునైనా వెనక్కి తీసుకోవచ్చు. లేదంటే పాత సామాన్ల యాప్‌లో కొలతలు, ఫోటోలు పెట్టి అమ్మండి. సగం ధర వచ్చినా ఇచ్చేయండి. కోసిన ముక్కలతో కుండీల కింద స్టాండ్లు, చెప్పుల అర చేసుకోవచ్చు. కాల్చడం మాత్రం వద్దు, అందులో ప్లాస్టిక్ ఉంటుంది.

బోర్డులకి 20 వేలు వచ్చాయనుకోండి. అవీ, ఉన్న 45 వేలూ, నెలనెలా మిగిలే 17 వేలూ ఏదీ కదపకుండా వేరే ఖాతాలో వేస్తే పది నెలల్లో 2.35 లక్షలవుతాయి. అంటే మూడు నెలల ఖర్చు. అక్కడితో ఆగొద్దు, ఆరు నెలల ఖర్చు 4.68 లక్షలు చేరేదాకా కొనసాగించండి. ఆఫీసు ఇచ్చే హెల్త్ కవర్ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ ఒకటి తీసుకోండి, దాని మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. పర్సనల్ లోన్ ముందే తీర్చడం ఆ తర్వాత చూద్దాం.

కార్పెంటర్‌కి అడ్వాన్స్ ఇవ్వకపోతే ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.