పాత స్పోర్ట్స్ కారుకు ఫైబర్ ప్యానెళ్లు: బోల్టు విప్పడం వేరు, రేకు కోయడం వేరు

ప్రశ్న: నా దగ్గర 1990ల నాటి రెండు డోర్ల స్పోర్ట్స్ కారు ఉంది. బానెట్, ముందు మడ్‌గార్డ్‌లు తుప్పు పట్టాయి. కంపెనీ విడిభాగాలు దొరకడం లేదు. వాటిని ఫైబర్‌గ్లాస్‌తో చేయించాలనుకుంటున్నాను. పనిలో పనిగా వెనుక మడ్‌గార్డ్‌ల రేకు కోసి, వెడల్పాటి ఫైబర్ ప్యానెళ్లు అతికించి పెద్ద టైర్లు వేద్దామని షెడ్డువారు అంటున్నారు. ఆర్టీవో వాళ్లు ఇవేమీ పట్టించుకోరని వారి భరోసా. వచ్చే ఏడాది రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంది. చట్టపరంగా చిక్కులు వస్తాయా?

జవాబు: మీరు ఒకే పనిగా రాసిన దానిలో చట్టం దృష్టిలో రెండు పనులు ఉన్నాయి. మొదటిదానికి నాకు పెద్ద అభ్యంతరం కనిపించడం లేదు. రెండోది చేయించవద్దనే నా సలహా.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో నమోదైన వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మారిపోయే విధంగా యజమాని తన వాహనాన్ని మార్చకూడదు. అయితే ఇక్కడ ‘మార్పు’ అనే మాటకు ఆ సెక్షనే అర్థం చెప్పింది: వాహన నిర్మాణంలో జరిగి, దాని మౌలిక స్వభావాన్ని మార్చేదే మార్పు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ హైకోర్టు తీర్పును తోసిపుచ్చుతూ, తయారీదారు నిర్దేశించిన, ఆర్‌సీలో నమోదయ్యే వివరాలను యజమాని మార్చడానికి వీల్లేదని స్పష్టం చేసింది. ఈ తీర్పు తర్వాత బండికి ఏం చేసినా నేరమేనన్న ప్రచారం జరిగింది గానీ, సెక్షన్‌లోని ఆ నిర్వచనం అలాగే ఉంది. మీ కేసు దాని మీదే ఆధారపడుతుంది.

బానెట్ సాధారణంగా కీళ్ల మీద, ముందు మడ్‌గార్డ్‌లు బోల్టుల మీద నిలుస్తాయి. వాటిని విప్పి పక్కన పెట్టినా కారు నిర్మాణం చెక్కుచెదరదు. కాబట్టి అదే ఆకారంలో, అవే బోల్టు రంధ్రాలకు సరిపోయేలా ఫైబర్ భాగాలు బిగిస్తే, అది నిర్మాణంలో మార్పు కాదని గట్టిగానే వాదించవచ్చు. ఆర్‌సీలో బాడీ రకం, రంగు, ఖాళీ బరువు కూడా ఉంటాయి గనుక, పాత రంగే వేయించండి. బరువులో వచ్చే తేడాను తూకం రసీదుతో సహా రిజిస్టరింగ్ అధికారికి ముందుగానే రాతపూర్వకంగా తెలపండి. వెనుక మడ్‌గార్డ్ సంగతి అలా కాదు. ఆ కాలపు కార్లలో చాలావాటికి విడిగా చాసిస్ (అడుగు చట్రం) ఉండదు. వెనుక రేకు బాడీ షెల్‌కు వెల్డింగ్‌తో కలిసిపోయి, బరువు మోయడంలో భాగం పంచుకుంటుంది. దాన్ని కోసి ఫైబర్ అతికించడం నిర్మాణాన్ని మార్చడమే అవుతుంది.

అధికారులు పట్టించుకోరన్న మాటకు నేను చూసిన ఒక తనిఖీ చెబుతాను. ఒక క్లయింటు బండిని రెన్యువల్‌కు తీసుకువెళ్లినప్పుడు, తనిఖీ అధికారి జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ముందు మడ్‌గార్డ్ మీద పెట్టారు. అది జారి కింద పడింది. ఆయన ఏమీ అనకుండా డిక్కీ తెరిచి, లోపలి కార్పెట్ ఎత్తి, వెనుక చక్రం పైన గ్రైండర్‌తో కోసిన రేకు అంచును వేలితో తడిమి చూశారు. ఫైలు తిరిగి వచ్చింది ఆ కోసిన అంచు వల్లే. ఫైబర్ మడ్‌గార్డ్ గురించి దానిలో ఒక్క ముక్క లేదు.

శిక్ష విషయానికొస్తే, 2019 సవరణతో ఇప్పటి రూపం వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘ఒక్కొక్క మార్పుకు’ అన్న మాటను గమనించండి. రోడ్డు మీద ప్రమాదకరమని భావిస్తే సెక్షన్ 53 కింద రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసే అధికారం కూడా ఉంది. కొన్ని స్పోర్ట్స్ కార్లు పుట్టుకతోనే ఫైబర్ కదా అని కొందరు అడుగుతుంటారు. 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ నిజంగానే ఫైబర్‌గ్లాస్ బాడీతో వచ్చింది, కానీ అక్కడ ఆ నిర్ణయం తయారీదారుది.

బీమా కంపెనీకి పని మొదలుకాకముందే తెలియజేయండి. చెప్పకుండా చేయించుకుంటే సొంత నష్టం క్లెయిమును తిరస్కరించడానికి మీరే కారణం చేతికిచ్చినట్టవుతుంది. ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్న వాదనను, మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 150 కింద, మూడో పక్షం కేసులో (మీ కారు వల్ల నష్టపోయిన ఇతరులు వేసే కేసులో) కూడా కంపెనీ లేవనెత్తవచ్చు. క్లెయిము లెక్కలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: మోటారు టారిఫ్ (వాహన బీమా లెక్కల నియమావళి) ప్రకారం ఫైబర్‌గ్లాస్ భాగాలకు తరుగు, అంటే పాతబడినందుకు క్లెయిములో కోసే మొత్తం, 30 శాతం, ప్లాస్టిక్‌కు 50 శాతం, పదేళ్లు దాటిన బండి లోహ భాగాలకు కూడా 50 శాతమే. అంటే మీ కారుకు రేకు కంటే ఫైబరే మేలు. నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ దాన్ని ప్లాస్టిక్ కింద రాయకుండా బిల్లులో ‘ఫైబర్‌గ్లాస్’ అని స్పష్టంగా రాయించుకోండి.

ఈ కారును మున్ముందు వింటేజ్‌గా నమోదు చేయించాలన్న ఆలోచన ఉంటే రేకు కోసే పని దాన్ని కూడా దెబ్బతీస్తుంది. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో గణనీయమైన మార్పులు జరగని వాహనాలకే ఆ హోదా దక్కుతుంది. అసలు రూపం కావాలి కాబట్టి, తుప్పు పట్టినా సరే, విప్పిన పాత బానెట్‌ను, మడ్‌గార్డ్‌లను పాత ఇనుము కొట్టుకు వేయవద్దు.

షెడ్డువారితో నోటిమాట ఒప్పందం వద్దు. ఏ భాగం, ఏ రంగు, ఎంత గడువు, బిగించాక పగుళ్లు వస్తే ఎవరి బాధ్యత అన్నవి కాగితం మీద ఉంటే, పని చెడిపోయినప్పుడు రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ ఆ కాగితంలో చట్టం నిషేధించిన పని ఉంటే, కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 23 కింద ఆ ఒప్పందమే చెల్లదన్న వాదన ఎదురవుతుంది. అప్పుడు మీరిచ్చిన అడ్వాన్సు రాబట్టుకోవడం కూడా కష్టమే. కారు మీద ఇంకా అప్పు ఉంటే, అప్పిచ్చిన సంస్థ రాతపూర్వక సమ్మతి ముందుగా తీసుకోండి.

రెన్యువల్ అయ్యాక పని చేయిద్దామని వాయిదా వేయకండి. బోల్టు భాగాల పని ముందే పూర్తి చేయించి, విప్పక ముందూ బిగించిన తర్వాతా తీసిన ఫొటోలు, బిల్లులు, తూకం రసీదు జతచేసి, గడువు తీరడానికి ముందున్న 60 రోజుల్లో రెన్యువల్ దరఖాస్తు అయిన ఫారం 25 దాఖలు చేయండి. మీరు రోజూ నడపబోయే కారునే అధికారి చూసి సంతకం చేసినట్టు రికార్డు ఉంటుంది.