మాజీ గ్రాండ్ జ్యూరర్ల సంఘం అంటే ఏమిటి? మా నాన్నగారు చేరొచ్చా?

కాలిఫోర్నియాలో మీ దగ్గరుంటున్న నాన్నగారికి ఈమధ్యే సిటిజన్‌షిప్ వచ్చిందనీ, లైబ్రరీ బయట మాజీ గ్రాండ్ జ్యూరర్ల సంఘం వాళ్ళు ఆయన చేతిలో కరపత్రం పెట్టారనీ, ఇదేదో కోర్టు గొడవేమోనని మీకు టెన్షన్‌గా ఉందనీ రాశారు. నేను బే ఏరియాలో (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) ఒక కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, దాని గ్రాండ్ జ్యూరీలో ఏడాది పనిచేసి, ఆ తర్వాత అలాంటి సంఘంలోనే చేరాను. అందుకని తెలిసినంత చెప్తాను.

ముందు టెన్షన్ సంగతి. గ్రాండ్ జ్యూరీ అనగానే క్రిమినల్ కేసు నడపాలా వద్దా అని తేల్చే జ్యూరీయే గుర్తొస్తుంది. కాలిఫోర్నియాలో దానికి ఇంకో పని కూడా ఉంది. రాష్ట్రంలోని 58 కౌంటీల్లోనూ ఏటా ఒక గ్రాండ్ జ్యూరీని వేయాలని రాష్ట్ర రాజ్యాంగమే చెబుతుంది. చాలా కౌంటీల్లో 19 మంది ఉంటారు, లాస్ ఏంజెలెస్‌లో 23 మంది. అందరూ మామూలు జనమే. కౌంటీ ఆఫీసులు, సిటీలు, నీళ్ళు, ఫైర్, మురుగునీరు, చివరికి దోమల నివారణ చూసే స్పెషల్ డిస్ట్రిక్టులు కూడా డబ్బు ఎలా ఖర్చుపెడుతున్నాయి, పని సరిగా చేస్తున్నాయా అని చూసి రిపోర్టు రాస్తారు. కౌంటీలో ఉన్న జైళ్ళ పరిస్థితిని ఏటా చూడటం చట్టప్రకారం తప్పనిసరి. మన ఊళ్ళలో ఉపాధి హామీ పనులకు జరిగే సామాజిక తనిఖీ మీరు చూసి ఉంటే, దానికి కోర్టు అండ ఇచ్చినట్టు ఊహించుకోండి.

అలాగని ఇది వట్టి రిపోర్టులు రాసే కాగితం పులి కాదు. 2021 చివర్లో మా పక్కనున్న సాంటా క్లారా కౌంటీ సివిల్ గ్రాండ్ జ్యూరీ (ఇలా ప్రభుత్వ పనిని తనిఖీ చేసే జ్యూరీని అలా అంటారు) సాక్షాత్తు షెరిఫ్, అంటే కౌంటీ పోలీసు అధిపతి, లారీ స్మిత్ మీదే అవినీతి అభియోగాలు మోపింది. అందులో ఎక్కువ భాగం తుపాకి పర్మిట్ల వ్యవహారం. 2022 నవంబరులో కోర్టులో విచారణ విన్న ట్రయల్ జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. ఆ తీర్పు రాకముందే ఆమె పదవి వదిలేశారు.

ఇక సంఘం. సాధారణంగా నాన్నగారు నేరుగా ఇందులో చేరడం కాదు, ముందు జ్యూరీలో పనిచేయాలి. ఇది పనిచేసి వచ్చినవాళ్ళు పెట్టుకున్న స్వచ్ఛంద సంఘం. దీనికి ప్రభుత్వ హోదా లేదు, ఎవరినీ పిలిచి ప్రశ్నించే అధికారం లేదు. మేం ప్రచారానికి బయట వేసుకునే టేబుల్ దగ్గరికి వచ్చి తమ వీధి లైటు గురించో, పక్కింటి పర్మిట్ గురించో ఫిర్యాదు చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకు ప్రస్తుత జ్యూరీకి రాసే ఫిర్యాదు ఫారం ఎక్కడ దొరుకుతుందో చెప్పి పంపిస్తాం, అంతే.

మరి సంఘం ఎందుకంటారా? జ్యూరీకి ఆయుష్షు ఏడాదే. ఎక్కువచోట్ల జులైలో మొదలై మరుసటి జూన్‌తో ముగుస్తుంది. పాతవాళ్ళలో కొందరిని జడ్జి కొనసాగించవచ్చు, మిగతావాళ్ళంతా కొత్తవాళ్ళే. రిపోర్టులు ఎక్కువగా ఆఖరి నెలల్లో వస్తాయి. వాటికి సిటీ కౌన్సిల్ లాంటి పాలకమండలి 90 రోజుల్లో, ఎన్నికైన కౌంటీ అధికారి 60 రోజుల్లో కోర్టుకు జవాబివ్వాలి. తమాషా ఏమిటంటే, ఆ జవాబు వచ్చేసరికి రాసిన జ్యూరీ ఇంటికి వెళ్ళిపోయి ఉంటుంది. కొత్త జ్యూరీ ఇంకా కుర్చీలు సర్దుకుంటూ ఉంటుంది. ఈ సందులోనే ఎన్నో మంచి సిఫారసులు ఏట్లో కలిసిపోతాయి.

మా సంఘం చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ జవాబుల్ని కూర్చుని చదవడమే. ఫొటోలకు పనికిరాని పని. ఒక్కో సిఫారసుకు చట్టం నాలుగు జవాబుల్నే ఒప్పుకుంటుంది: ఒకటి, అమలు చేశాం; రెండు, ఇంకా చేయలేదు కానీ ఫలానా గడువులోగా చేస్తాం; మూడు, ఇంకా పరిశీలించాలి (అది కూడా ఆరు నెలలకు మించకుండా); నాలుగు, చేయం, కారణం ఇదీ. మేం ఒక పట్టిక వేసుకుని, సిఫారసు ఒక గడిలో, జవాబు పక్క గడిలో రాస్తాం. అప్పుడు బయటపడుతుంది అసలు రంగు. ఒక సిటీ కౌన్సిల్ "తప్పక అమలు చేస్తాం, సూచనకు కృతజ్ఞతలు" అని రెండు పేజీలు రాసింది. గడువు గడి మాత్రం ఖాళీ. మా సంఘంలో టీచరుగా రిటైరైన ఒకావిడ ఆ కాగితం పట్టుకుని కౌన్సిల్ మీటింగుకు వెళ్ళారు. ప్రజలు మాట్లాడే సమయంలో లేచి, "తారీఖు ఒక్కటి చెప్పండి చాలు" అని కూర్చున్నారు. కొన్ని వారాలకు తారీఖుతో సవరించిన జవాబు వచ్చింది. అన్నిసార్లూ ఇలా జరగదు. చాలాసార్లు మా ఉత్తరానికి ఉలుకూ పలుకూ ఉండదు.

మిగతా పనులు అందరూ ఊహించేవే: లైబ్రరీల్లో ప్రసంగాలు, రైతుబజారు లాంటి ఫార్మర్స్ మార్కెట్‌లో టేబుల్ వేసి దరఖాస్తులు పెట్టమని అడగడం. జ్యూరీ అన్న మాట వినగానే జనం సమన్లు ఇస్తామేమోనని పక్కకు తప్పుకుంటారు! కొత్త జ్యూరర్లకు శిక్షణ ఇవ్వడంలో మాత్రం మాజీల అనుభవం బాగా పనికొస్తుంది. సాక్షిని ఎలా అడగాలి, వాస్తవం ఏది, దాని మీద మన నిర్ధారణ ఏది, సిఫారసు ఏది అని విడదీసి ఎలా రాయాలి, ఇవన్నీ చేసి చూపిస్తారు. ఆఫీసు నోట్‌ఫైళ్ళు రాసిన అలవాటున్న మన పెద్దవాళ్ళకు ఇది కొట్టిన పిండి.

గోప్యత విషయం గట్టిగా చెప్పాలి. జ్యూరీ గదిలో ఎవరు ఏమన్నారో జీవితాంతం బయట చెప్పకూడదు, సంఘం మీటింగులో తోటి మాజీలకు కూడా. అందుకే మేం అచ్చయిన రిపోర్టులు, వాటి జవాబులే మాట్లాడుకుంటాం. 2022లో ఆ సాంటా క్లారా కౌంటీ జ్యూరీ, అదే పేరున్న సిటీ కౌన్సిల్ మీద రాసిన రిపోర్టు విడుదలకు ముందే బయటికి పొక్కింది. దాన్ని లీక్ చేసి, ఆపై ప్రమాణం చేసి అబద్ధమాడినందుకు ఒక కౌన్సిల్ సభ్యుడు 2024 డిసెంబరులో దోషిగా తేలాడు. ఇంట్లో కాఫీ తాగుతూ కబుర్లు చెప్పే అలవాటున్న నాన్నగారైతే ముందే ఆలోచించుకోమనండి.

అర్హతలు: సిటిజన్ అయి ఉండాలి (గ్రీన్ కార్డు చాలదు), 18 ఏళ్ళు నిండాలి, ఆ కౌంటీలో ఏడాదిగా ఉంటూ ఉండాలి, ఎన్నికైన పదవిలో ఉండకూడదు. పని జరిగేంత ఇంగ్లీషు చాలు, యాస ఎవరికీ పట్టదు. భత్యం చట్టప్రకారం కనీసం రోజుకు 15 డాలర్లు, ప్రయాణానికి మైలేజీ. కొన్ని కౌంటీలు ఎక్కువ ఇస్తాయి. వారంలో రెండు మూడు రోజులు పోతాయి, ఆఖరి నెలల్లో ఇంకా ఎక్కువ. ఏడాది మధ్యలో మూడు నెలలు విజయవాడ వెళ్ళొస్తానంటే కుదరదు. మనవాళ్ళు దరఖాస్తు పెట్టకపోవడానికి నాకు కనిపించిన అసలు కారణం ఇదే, ఇంగ్లీషు కాదు.

దరఖాస్తులు ఎక్కువ కౌంటీల్లో ఏడాది మొదటి నెలల్లో తీసుకుంటారు, సుపీరియర్ కోర్టు (కౌంటీ స్థాయి కోర్టు) వెబ్‌సైట్‌లో ఫారం ఉంటుంది. జడ్జీలు ఇంటర్వ్యూ చేసి జాబితా వేస్తారు, అందులోంచి లాటరీ తీస్తారు. పేరు రాకపోతే రిజర్వులో ఉంచుతారు. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే ఏ అక్టోబరులోనో ఫోన్ రావచ్చు, కాబట్టి ఆ ఏడాది ఇండియా టికెట్ కొనేముందు జ్యూరీ ఆఫీసుకు ఒక మాట చెప్పమనండి.