ముందు గోడలోపలి పని, తరువాతే టైల్స్

ప్రశ్న: మాది విశాఖపట్నంలో 1997లో కట్టిన అపార్ట్‌మెంటు. రెండో అంతస్తులో ఉంటాం. మా అమ్మకు 71 ఏళ్లు. మోకాళ్ల నొప్పులతో బకెట్ దగ్గర వంగి చెంబుతో నీళ్లు పోసుకోవడం ఆమెకు కష్టమైపోయింది. 5×8 అడుగుల స్నానాల గదిలో వేడినీళ్లు, చన్నీళ్లు కలిసి వచ్చే షవరు పెట్టించాలనుకుంటున్నాం. ఇప్పుడున్నవి పాత ఇనుప పైపులు. పొద్దున్నే కుళాయి తిప్పితే మొదట ఎర్రటి నీళ్లు వస్తాయి. కింది ఇంటివారి కప్పు మీద ఒక మూల చెమ్మ మరక కూడా కనిపిస్తోంది. కాంట్రాక్టరును అడిగితే 'మొత్తం 1,40,000 అవుతుంది' అని ఒక్క మాటలో చెప్పాడు. పైపులన్నీ మార్చాలా, షవరు వచ్చే గోడ వరకు మారిస్తే చాలా? నిజంగా అంత ఖర్చవుతుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసినవి రెండు మాటలు: ఎర్రటి నీళ్లు, కింది ఇంటి మరక. షవరు సంగతి వాటి తరువాత. ముప్పై ఏళ్లుగా గుంటూరు, విజయవాడల్లో ప్లంబింగ్ పనులు చేయిస్తున్నవాడిగా చెబుతున్నాను. ఆ రెండింటినీ అలాగే ఉంచి పైన మంచి టైల్స్ అంటిస్తే, రెండేళ్లు తిరక్కుండా ఆ టైల్స్ మీరే పగలగొట్టించాల్సి వస్తుంది.

మీవి జీఐ పైపులు. ఇనుము మీద జింకు పూత ఉన్నంతకాలం అవి బాగానే ఉంటాయి. పూత అరిగాక లోపల తుప్పు పొరలు పొరలుగా పేరుకుని పైపు కంత సన్నబడుతుంది. అర అంగుళం పైపును కోసి చూస్తే లోపల చిటికెన వేలు కూడా పట్టని సందర్భాలు చాలా చూశాను. పైగా మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి బయటి వైపు కూడా తుప్పు తొందరగా పడుతుంది. ఇలాంటి పైపుకు మధ్యలో కొత్త పైపు అతికిస్తే, కొత్త జాయింటు దగ్గర కాకుండా దాని పక్కనున్న పాత జాయింటు దగ్గర కారడం మొదలవుతుంది. మర తిప్పేటప్పుడు పట్టిన పట్టుకు అది కదిలిపోతుంది. అందుకని షవరు గోడ వరకు మారిస్తే చాలదు. డక్టులో పైనుంచి దిగే నిలువు పైపు దగ్గర మీ ఇంటికి చీలే చోట నుంచి స్నానాల గదిలోని చివరి కుళాయి వరకు మొత్తం మార్చించండి. ఆ చీలిక దగ్గరే ఒక బాల్ వాల్వ్ పెట్టిస్తే, రేపు ఏ చిన్న మరమ్మతు వచ్చినా అపార్ట్‌మెంటు మొత్తానికి నీళ్లు ఆపాల్సిన పని ఉండదు. దాన్ని బిగించే ఒక్కరోజు మాత్రం అందరికీ నీళ్లు ఆపాలి గనుక సంఘానికి ముందుగా తెలియజేయండి.

కొత్త పైపు సీపీవీసీ అనే ప్లాస్టిక్ రకం అయి ఉండాలి. తెల్లటి యూపీవీసీ చన్నీళ్లకే పనికొస్తుంది, వేడినీళ్ల దారిలో అది మెత్తబడుతుంది. లేత పసుపు రంగులో ఉండే సీపీవీసీ 93 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. దాన్ని అతికించడానికి దాని సాల్వెంటే (అతికించే ద్రవం) వాడాలి. యూపీవీసీ డబ్బా మిగిలిందని అదే పూసేవారున్నారు, దగ్గరుండి డబ్బా మీది అక్షరాలు చదవండి. డైవర్టర్ (దాని సంగతి కింద చెబుతాను) వరకు ముప్పావు అంగుళం, అక్కడి నుంచి కుళాయిలకు అర అంగుళం చాలు. కుళాయి మర బిగించే ప్రతి చోటా ఇత్తడి మర ఉన్న ఫిట్టింగే ఉండాలి. ఉత్త ప్లాస్టిక్ మరలో ఇత్తడి కుళాయి బిగిస్తే అది ఏదో ఒక రోజు చీలుతుంది.

ఇక డైవర్టర్. వేడి, చన్నీళ్లను కలిపి పైషవరుకో చేతిషవరుకో పంపే ఇత్తడి పెట్టె ఇది. దీని ఒళ్లంతా గోడలో ఉంటుంది, పిడి మాత్రం బయటికి కనిపిస్తుంది. దాని మీద గోడ ముఖం ఎక్కడిదాకా రావాలో గుర్తులుంటాయి. ప్లాస్టరు, టైలు, టైలు కింది జిగురు, ఈ మూడింటి మందం కలుపుకుని ఆ గుర్తుల మధ్య కూర్చోబెట్టాలి. మరీ లోపలికి పోతే పిడి అందదు, బయటికొస్తే పైన బిగించే మూత గోడకు ఆనదు. అందుకే టైల్స్ ముందే కొని, ఒక టైలు ప్లంబరు చేతికిచ్చి పని మొదలుపెట్టించమంటాను.

మీ అమ్మగారి కోసమే ఈ పని అంతా గనుక ఎత్తులు కొలిచేటప్పుడు ఆమెను అక్కడే కుర్చీలో కూర్చోబెట్టండి. మామూలుగా మేం పైషవరును నేల నుంచి 7 అడుగుల్లో, డైవర్టర్‌ను మూడున్నర అడుగుల్లో పెడతాం. కూర్చుని స్నానం చేసేవారికి అసలు కావలసింది పైషవరు కాదు, నిలువు కడ్డీ మీద కిందికీ పైకీ జరిగే చేతిషవరు. కడ్డీ కింది కొస ఆమె కూర్చున్నప్పుడు చేయి చాస్తే అందాలి. పిడి కూడా షవరుకు సూటిగా కింద కాకుండా కాస్త పక్కకు, తలుపు వైపు ఉంటే, ఆమె మీద నీళ్లు పడకముందే మీరు వేడి సరిచూసి ఇవ్వగలుగుతారు. కింద బకెట్ కుళాయిని మాత్రం తీసేయకండి. నీళ్లు రాని రోజు, గీజరు పాడైన రోజు చెంబే దిక్కు. పట్టుకుని లేచే స్టీలు కడ్డీ కూడా అవసరమే. అది పెట్టే చోట గోడలో పైపు లేకుండా ఇప్పుడే చూసుకోవాలి.

ఈ చివరి మాట ఎందుకంటున్నానో చెబుతాను. కొన్నేళ్ల క్రితం విజయవాడలో ఒక ఇంట్లో పని ముగించి తాళాలు ఇచ్చేశాం. వారం తరువాత తువాలు కడ్డీ బిగించడానికి వచ్చిన వడ్రంగి డ్రిల్లింగ్ మిషను సరిగ్గా వేడినీళ్ల పైపులోకి దించాడు. తప్పు అతనిది కాదు, పైపు ఎక్కడుందో అతనికి చెప్పే కాగితం మేం ఇవ్వలేదు. అప్పటి నుంచి గోడ మూయకముందు పైపుల పక్కన కొలత టేపు పెట్టి ఫొటోలు తీసి ఇంటివారికి ఇస్తున్నాను. మీరూ తీయించుకోండి, ఫోనులో ఒకటి, బీరువాలో అచ్చు తీసింది ఒకటి ఉంచండి.

గోడ మూయకముందే జరగాల్సిన మరో పని, అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రెషర్ పరీక్ష. సాల్వెంట్ వేశాక ఒక రోజు ఆరనిచ్చి, కుళాయిల చోట్లన్నీ ప్లగ్గులతో మూసి, చేతిపంపుతో 6 కిలోల (అంటే చదరపు సెంటీమీటరుకు 6 కిలోల) ప్రెషర్ ఎక్కించాలి. మీ తొట్టి నుంచి మామూలుగా వచ్చేది ఇందులో నాలుగో వంతు కూడా ఉండదు. రాత్రంతా ఉంచితే పొద్దున్నకు మీటరు ముల్లు అక్కడే ఉండాలి. దిగిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. 'ఏమీ కాదమ్మా, నేను గ్యారంటీ' అని ప్లంబరు అంటే, ఆ గ్యారంటీతో పాటు ముల్లును కూడా చూపించమనండి.

కింది ఇంటి మరక పైపుదా, నేలదా అన్నది పగలగొట్టకముందే కొంతవరకు తెలుస్తుంది. కొన్ని రోజుల పాటు ఆ గదిలో ఎవరూ నీళ్లు పోసుకోకుండా, వాల్వులు మాత్రం తెరిచి ఉంచండి. మరక ఇంకా తడిగా పెరుగుతుంటే నీళ్లొచ్చే పైపు కారుతోందని అనుకోవచ్చు. ఆరుతుంటే నేల, లేదా నీళ్లు పోయే దారి. మీ కాలపు కట్టడాల్లో స్నానాల గది స్లాబును అడుగు దాకా కిందికి దించి, ఆ గుంటను ఇటుక ముక్కలతో నింపేవారు. పైన పగులు పడితే నీళ్లన్నీ ఆ ఇటుకల్లో నిలిచి మెల్లగా కిందికి దిగుతాయి. మీ ఇంట్లో అదే జరిగి ఉంటే ఆ నింపుడు మొత్తం తీయించాలి. అప్పుడే స్లాబు మీద, చుట్టూ గోడలకు ఒక అడుగు ఎత్తున, షవరు పడే గోడకు 6 అడుగుల ఎత్తున వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేయించండి. మూలల్లోనూ పైపులు నేలలోకి దిగే చోట్లా జాలీగుడ్డ పెట్టి పూయాలి, కారేది దాదాపు ఎప్పుడూ అక్కడే. పూత ఆరాక నీళ్లు కట్టి 48 గంటలు వదిలి, కింది ఇంటివారిని పిలిచి వాళ్ల కప్పు వాళ్లతోనే చూపించండి. వాళ్లు సరేనన్నాకే తరువాతి పని.

నీళ్లు పోయే నహానీ ట్రాప్‌ను కూడా కొత్తదే వేయించండి. అందులో రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఆ నీళ్లే దుర్వాసననూ బొద్దింకలనూ ఆపుతాయి. షవరు నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు పోస్తుంది, చెంబు స్నానంలాగా మధ్యమధ్య ఆగదు. అందుకని ట్రాప్ నుంచి బయటికి వెళ్లే పైపు 75 మిల్లీమీటర్లదై ఉండాలి. నేల వాలు ప్రతి నాలుగు అడుగులకు అర అంగుళానికి తగ్గకూడదు. వాలు మరీ ఎక్కువైనా పెద్దవారికి కాలు నిలవదు.

గీజరు సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. 15 లీటర్ల గీజరులో 60 డిగ్రీల నీళ్లను చన్నీళ్లతో కలిపితే స్నానానికి సరిపోయే వేడిలో సుమారు 35 లీటర్లు వస్తాయి. షవరు కింద అది నాలుగు నిమిషాలు. పెద్దావిడ మధ్యలో చలికి వణకకూడదంటే 25 లీటర్లది తీసుకోండి. దాని సేఫ్టీ వాల్వ్ నుంచి అప్పుడప్పుడు చుక్కలు పడితే కంగారుపడి బిరడా పెట్టించవద్దు. వేడికి నీళ్లు వ్యాకోచించినప్పుడు ప్రెషర్ పోవలసిన దారి అదే.

ఇప్పుడు డబ్బు. మీ గది కొలతలతోనే నేను ఈమధ్య గుంటూరులో దగ్గరుండి చేయించిన పని లెక్క మీ ముందు పెడతాను. పగలగొట్టడం, చెత్త బస్తాలు మెట్ల మీదుగా దించి తరలించడం 12,000. సీపీవీసీ పైపులు, ఫిట్టింగులు, వాల్వులు 8,000. ట్రాప్, నీళ్లు పోయే పైపులు 4,500. ప్లంబరుకు, సహాయకుడికి కలిపి రోజుకు 2,000 చొప్పున ఆరు రోజులకు 12,000. వాటర్‌ప్రూఫింగ్ 12,000. డైవర్టర్, పైషవరు, చేతిషవరు, కుళాయి కలిపి మధ్యరకం సరుకు 16,000. ఇక్కడికి 64,500 అయింది. టైల్స్, తాపీమేస్త్రి కూలి, సిమెంటు, జిగురు కలిపి మరో 27,000. అంతా 91,500. ఊరిని బట్టి కూలి మారుతుంది, మీరు కొనే సరుకును బట్టి అంతకంటే ఎక్కువ మారుతుంది. డైవర్టర్ ఒక్కటే నాలుగు వేలకూ ఉంది, పాతిక వేలకూ ఉంది.

కాబట్టి మీ కాంట్రాక్టరు చెప్పిన 1,40,000 అన్యాయమని నేను అనలేను. అందులో కొత్త కమోడు, గీజరు, తలుపు ఉన్నాయేమో. కానీ ఒక్క అంకెకు ఒప్పుకోకండి. నేను పైన చెప్పినట్టు పని పనికీ విడదీసి, పైపు తయారీదారు పేరు, సైజుతో సహా రాసిమ్మనండి. ప్రెషర్ పరీక్ష, నేలపై నీళ్లు కట్టే పరీక్ష రెండూ ఆ కాగితంలో ఉండాలి, అవి ముగిసే వరకు మూడో వంతు డబ్బు మీ దగ్గరే ఉండాలి. గోడ తెరిచాక ఏదో ఒకటి బయటపడుతుంది, దానికి 10,000 విడిగా ఉంచుకోండి. ఎక్కడైనా తగ్గించక తప్పకపోతే టైల్స్‌లో తగ్గించండి, పైషవరు తరువాత కొనుక్కోండి. దాని పైపు మాత్రం ఇప్పుడే వేయించి బిరడా పెట్టించండి. పది పన్నెండు రోజుల పని ఇది. అన్ని రోజులూ అమ్మగారికి స్నానానికి వేరే ఏర్పాటు చూసుకున్నాకే మొదలుపెట్టండి.

ప్రశ్న: సొంత ఇల్లు. పై అంతస్తు స్నానాల గదిలో పళ్లెమంత వానషవరు పెట్టించాం. వాన కాదు కదా, తుంపర కూడా సరిగా పడడం లేదు. ట్యాంకు మేడ మీదే, మూడడుగుల దిమ్మ మీద ఉంది. ఇంకో మూడడుగులు ఎత్తు చేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సరిపోదు. ట్యాంకు అడుగుకూ షవరుకూ మధ్య నిలువు ఎత్తు ఎంతో అంతే మీ ప్రెషర్. 10 మీటర్ల ఎత్తుకు ఒక కిలో వస్తుంది. మీ ఇంట్లో ఆ ఎత్తు ఆరేడు అడుగులు, అంటే కిలోలో ఐదో వంతు. పెద్ద వానషవర్లు చాలావరకు కిలో దగ్గర గానీ నిండుగా కురవవు. దిమ్మను ఇంకో మూడడుగులు పెంచినా ఆ అంకె చేరదు, బరువు మాత్రం స్లాబు మీద పడుతుంది.

మీకు దారులు రెండు. నాలుగంగుళాల చిన్న షవరు, తక్కువ ప్రెషర్‌కు పనిచేసేది మార్చుకోవడం ఒకటి. ట్యాంకు నుంచి వచ్చే పైపు మీద ప్రెషర్ పంపు పెట్టించడం రెండోది. పంపు పెడితే వేడి, చన్నీళ్ల దారులు రెండూ దాని తరువాతే చీలాలి. చన్నీళ్లకు మాత్రమే పెడితే అది వేడినీళ్లను వెనక్కి నెట్టేస్తుంది, నీళ్లు ఎంతకీ వెచ్చబడవు. గీజరు పలక మీద అది తట్టుకునే ప్రెషర్ రాసి ఉంటుంది, పంపు కొనేముందు చూసుకోండి. పంపును ట్యాంకు పైపుకే పెట్టాలి, వీధి నల్లా పైపుకు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. అలా లాగితే పొరుగింటివారి నీళ్లు తగ్గుతాయి, పైపుకు పగులుంటే మురుగు లోపలికి వస్తుంది.

ప్రశ్న: మాకు బోరు నీళ్లే ఆధారం. షవరు రంధ్రాలు ఆరు నెలలకే తెల్లగా మూసుకుపోతున్నాయి. యాసిడ్‌తో కడగవచ్చా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: వద్దమ్మా. మరుగుదొడ్డికి వాడే యాసిడ్ తగిలితే షవరు మీది మెరుపు పూత లేచిపోతుంది, దాని పొగ మీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. షవరు విప్పి, తెల్ల వెనిగరులో సమానంగా నీళ్లు కలిపి రెండు మూడు గంటలు నానబెట్టండి. తరువాత పాత పళ్లబ్రష్షుతో రుద్ది, లోపలి చిన్న జల్లెడను కూడా తీసి కడగండి. నెలకోసారి చేస్తే సరిపోతుంది. ఈసారి కొనేటప్పుడు మెత్తటి రబ్బరు మొనలున్న షవరు అడగండి. వేలితో నలిపితే ఆ సున్నం పొడిగా రాలిపోతుంది.