అవగాహన కల్పిస్తే పిల్లల అక్రమ రవాణా ఆగుతుందా?

అవగాహన ఒక్కదానితో పూర్తిగా ఆగదు. కానీ దేని గురించి చెబుతున్నామన్నది సరిగ్గా ఉంటే చాలా కేసులు మొదట్లోనే ఆగిపోతాయి.

ఎవరో కిడ్నాపర్ వ్యానులో ఎత్తుకుపోతాడని మనం భయపడతాం. చాలాసార్లు తీసుకెళ్లేది తెలిసినవాళ్లే. బంధువు, పరిచయస్తుడు, ఫోన్లో నెలల తరబడి స్నేహం చేసినవాడు. ఉద్యోగం, చదువు, పెళ్లి అంటూ చేతిలో కాస్త అడ్వాన్స్ కూడా పెడతారు. కాబట్టి ‘కొత్తవాళ్లతో మాట్లాడకు’ అన్న పాఠం చాలదు. పని ఎక్కడ, యజమాని ఎవరు, పిల్లలు రోజూ ఫోన్ చేయొచ్చా, గుర్తింపు కార్డులు ఎవరి దగ్గర ఉంటాయి అని అడగడం తల్లిదండ్రులకు నేర్పాలి. అవతలివాళ్లు నీళ్లు నమిలితే పంపకూడదు.

‘ఇష్టపడే వెళ్లింది కదా’ అంటారు కొందరు. అది చెల్లదు. 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పలెర్మో ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, 18 ఏళ్లలోపు వాళ్లను దోపిడీ కోసం తరలిస్తే చాలు, అది అక్రమ రవాణాయే. బలవంతమో మోసమో జరిగిందని చూపించనక్కర్లేదు.

బడి మానేసిన పిల్లల గురించి టీచర్ వారంలోపే వాకబు చేయడం, నా దృష్టిలో, వంద పోస్టర్ల కంటే మేలు. తిరిగొచ్చిన పిల్లలను ఊరు వెలివేసినట్టు చూస్తే మాత్రం, తర్వాతి కుటుంబం ఫిర్యాదు చేయడానికే భయపడుతుంది.