వాలుగ – వాలుగంటి

సందేహం: మాది వంశధార ఒడ్డున గుణుపురం. మేం ‘వాలుగ’ అనే చేపను ఒడియావాళ్లు ‘బాలియా’ అంటారు. మన మాట అక్కడి నుంచే వచ్చిందా? ‘వాలుగంటి’ అంటే ఈ చేప కళ్లలాంటి కళ్లున్నదని మా మాస్టారు చెప్పారు, నిజమేనా? జెల్లకూ దీనికీ తేడా ఏమిటి? గాలానికి చేప ‘పడింది’ అనాలా, ‘తగిలింది’ అనాలా?

సమాధానం: మీ మాస్టారు వాలుగను పులుసులో తప్ప చూసినట్టు లేరు. దాని నోటి చీలిక కంటిని దాటి వెనక్కి పోతుంది, కన్నేమో చిన్నది. నాయికను దానితో పోల్చిన కవి బతికి బట్టకట్టగలడా? పాత అచ్చుల్లో ‘వాలుఁగంటి’ అని అరసున్న కనిపిస్తుంది. వాలు (అంటే పొడవైన), కన్ను కలిసిన మాట అది. అందులోని గకారం కకారం మారి వచ్చింది. చేపే అయితే ‘వాలుగకంటి’ కావాలి. అరసున్నలు దండగని ఊడ్చేశాం, ఇప్పుడిలా తడుముకుంటున్నాం.

ఇక వాలుగ. తమిళంలో వాళై, మలయాళంలో వాళ, కన్నడంలో బాళె. ఇంత చుట్టరికం ఉన్న మాటను ఒడియాకు దత్తత ఇవ్వడానికి నాకు మనసొప్పదు. వకారం బకారం కావడం అటువైపు మామూలే కనుక బాలియాయే మన దగ్గర్నుంచి వెళ్లిందేమో. అలాగని ప్రమాణం చేయను. పాత తెలుగులో ‘వాలు’ అంటే కత్తి. పొలుసు లేకుండా, పక్కలు నొక్కినట్టుండి తళతళలాడే ఆ ఒంటికి కత్తి పేరు నప్పుతుంది.

ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రసెల్ 1803లో విశాఖపట్నం చేపల మీద తెచ్చిన పుస్తకంలో ఈ తెలుగు పేరు ఎక్కింది. శాస్త్రనామం ‘వలాగో అట్టు’లో ఇప్పటికీ ఉంది. (అట్టు మన పెసరట్టు కాదు. మలయాళంలో ఆట్టువాళ, అంటే ఏటి వాళ.) లోకమంతా మన మాట పలుకుతుంటే మన బజారులో మాత్రం ‘క్యాట్‌ఫిష్’ అని బోర్డు! ఆ పేరు వింటే, మన దేశంలో పెంపకం నిషేధించిన ఆఫ్రికా చేప గుర్తొచ్చి కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. వాలుగకు ఈ నింద ఎందుకు?

జెల్లకు వీపు మీద ముల్లు, తోక దగ్గర మెత్తని కొవ్వు రెక్క, నాలుగు జతల మీసాలు ఉంటాయి. వాలుగకు ఆ ముల్లూ కొవ్వు రెక్కా లేవు, మీసాలు రెండు జతలే. కింది రెక్క పొట్ట దగ్గర్నుంచి తోకదాకా సాగుతుంది. మడుగు అడుగున పొంచి ఉండి చీకటిపడ్డాక వేటకు కదులుతుంది కాబట్టి బతికున్న చిన్న చేపను ఎరగా గుచ్చి రాత్రి గాలం వేస్తారు.

గాలానికి చేప పడుతుంది, వలలో చిక్కుతుంది. ‘క్యాచ్ చేశాను’ అని మాత్రం అనకండి. ‘తగిలింది’ తప్పేమీ కాదు, కానీ ఎర లాగి వదిలేసి పోయిన చేపకే ఆ మాట ఉంచితే బాగుంటుందని నా అభిప్రాయం.